డీఎల్ఎడ్ ఇంటర్న్‌షిప్‌కి పాఠ్యపథకాలు: నెట్‌లో ఏం వెతకాలి, ఎక్కడ వెతకాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డీఎల్ఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా) రెండో సంవత్సరం. వచ్చే నెల నుంచి ఒక ప్రాథమిక పాఠశాలలో ఇంటర్న్‌షిప్. తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఇంగ్లిష్ నాలుగింటికీ పీరియడ్ ప్లాన్లు రాయాలి. చేతిలో ఫోన్ తప్ప వేరే ఏమీ లేదు. సీనియర్ల వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న పీడీఎఫ్‌లు చూసి రాసుకుంటే సరిపోతుందా, ఇంకా మంచి సైట్లు ఏమైనా ఉన్నాయా, చాట్‌జీపీటీతో రాయిస్తే తప్పా?

ఒకటి నుంచి ఐదు వరకు చాలా ఏళ్లు చెప్పి, ఇప్పుడు మా బడికి వచ్చే ఛాత్రోపాధ్యాయులకు మెంటర్‌గా ఉంటున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నా. సైట్ల పేర్లు కింద ఇస్తాను, కానీ రికార్డులోకి ఉన్నదున్నట్టు ఎక్కించుకునే పాఠ్యపథకం వాటిలో దేనిలోనూ దొరకదు. ఎక్కడైనా దొరికినా మీ క్లాసులో అది పది నిమిషాలకు మించి నడవదు. మొత్తం ప్లాన్ కోసం వెతకడం మానేసి, మీ ప్లాన్‌లో మీకు కుదరని ఒక్క ముక్క కోసం వెతకండి. అది ఒక కథ కావచ్చు, ఒక బొమ్మ, ఒక ఆట, ఒక మంచి ప్రశ్న కావచ్చు. ఏ ముక్క తక్కువైందో తెలియాలంటే మిగతాది ముందే మీ చేత్తో రాసి ఉండాలి.

సీనియర్ల పీడీఎఫ్‌లు అసలు ముట్టుకోవద్దని అనను. ఫార్మాట్ అర్థం కావడానికి ఒకటి రెండు చూడండి. కాలేజీకో ఫార్మాట్ ఉంటుంది. కొందరు ఇప్పటికీ హెర్బార్ట్ సోపానాలే (పాఠం నడిపే పాతకాలపు మెట్లు) అడుగుతారు. కొందరు ఉన్ముఖీకరణతో (పిల్లల్ని పాఠం వైపు తిప్పడం) మొదలుపెట్టి మూల్యాంకనం దాకా ఒక వరస చెప్తారు. ఈ మధ్య 5ఈ పద్ధతి (ఎంగేజ్, ఎక్స్‌ప్లోర్, ఎక్స్‌ప్లెయిన్, ఎలాబరేట్, ఎవాల్యుయేట్ అనే ఐదు దశలు) అడిగే లెక్చరర్లూ ఉన్నారు. దాని మీద వాదన పెట్టుకుని లాభం లేదు, మీ సార్ ఏది అడిగితే ఆ గడులే గీయండి. గడిలో ఏం రాస్తారన్నదే మీ చేతిలో ఉన్న పని. చూసి రాసిన ప్లాన్‌ను పట్టుకోవడం మెంటర్‌కి పెద్ద కష్టమేమీ కాదు. టీఎల్ఎం (బోధనోపకరణాల) గడిలో ప్రతి పాఠానికీ 'చార్టు, ఫ్లాష్‌కార్డులు, నల్లబల్ల, సుద్దముక్క' అని ఉంటుంది. క్లాసులో పదకొండు మందే ఉంటే ప్లాన్‌లో 'ఐదు గ్రూపులు, గ్రూపుకు ఆరుగురు' అని ఉంటుంది. పుస్తకం మారి ఆ పాఠమే పోయినా ప్లాన్ మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది.

అందుకని మొదటి పని, ఇప్పుడు బడిలో నడుస్తున్న పుస్తకం తెచ్చుకోవడం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు ఎస్‌సీఈఆర్‌టీల (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్ల) పాఠ్యపుస్తకాలూ పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతాయి. భాషా వాచకాలు తప్ప మిగతావి ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంగ్లిష్ మీడియం సెక్షన్‌లో చెప్పాల్సి వస్తే ఆ ఎదురు పేజీ చాలా అక్కరకొస్తుంది, గణిత పదాలకు బయట ఎక్కడో అర్థాలు వెతుక్కోనక్కర్లేదు. పాఠం చివర ఇచ్చిన అభ్యాసాలను ముందు చదవండి. తెలుగు వాచకంలో వినడం–మాట్లాడటం, చదవడం, పదజాలం, స్వీయరచన, సృజనాత్మకత అని వరసగా ఉంటాయి కదా, పీరియడ్లుగా ఎలా విడగొట్టాలో అవే చెప్తాయి. చాలామంది పిల్లలు (మీరు నాకు పిల్లలే, ఏమీ అనుకోకండి) పాఠమంతా ఒకే పీరియడ్‌లో కుక్కేసి, అభ్యాసాలను ఇంటిపనికి తోసేస్తారు. అసలు పని ఆ అభ్యాసాల్లోనే ఉంది.

లక్ష్యాల గడి దగ్గర అందరూ తడబడతారు. 'విద్యార్థి అవగాహన చేసుకుంటాడు' అని రాస్తే అవగాహన అయిందో లేదో మీకెలా తెలుస్తుంది? ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ప్రాథమిక స్థాయికి అభ్యసన ఫలితాల పత్రం ఒకటి తెచ్చింది. తరగతి వారీగా, సబ్జెక్టు వారీగా పిల్లవాడు ఏం చేయగలగాలో అందులో ఉంటుంది. ఒకటి, రెండు, మూడు తరగతులైతే నిపుణ్ భారత్ లక్ష్యాలు కూడా దగ్గర పెట్టుకోండి. చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం అది. తెలంగాణలో 2022 నుంచి నడిచిన తొలిమెట్టు కూడా ఆ దారిలోదే. ఒకటో తరగతి అయ్యేసరికి 99 దాకా, రెండో తరగతికి 999 దాకా, మూడో తరగతికి 9999 దాకా సంఖ్యలు చదవాలి, రాయాలి అని నిపుణ్ లక్ష్యాల్లో స్పష్టంగా ఉంటుంది. చదవడంలో మూడో తరగతికి నిమిషానికి 60 పదాలన్నారు. తెలుగు మాటలు ఇంగ్లిష్ మాటల కంటే పొడుగు కాబట్టి ఆ అంకెను పట్టుకుని స్టాప్‌వాచ్‌తో పిల్లల్ని హడలగొట్టకండి. అర్థం చేసుకుంటూ, తడుముకోకుండా చదువుతున్నారా అన్నదే చూడండి.

ఇక దీక్ష. 2017 సెప్టెంబర్ 5న మొదలైన జాతీయ వేదిక. పాఠ్యపుస్తకాల్లో పాఠం దగ్గర కనిపించే క్యూఆర్ కోడ్ దీనిదే. యాప్‌లో రాష్ట్రం, మీడియం, తరగతి ఎంచుకుని కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. కొన్ని పుస్తకాల్లో ముద్రణ సరిగా లేక కోడ్ స్కాన్ కాదు. అప్పుడు దాని కింద ఉండే ఆరు అక్షరాలు–అంకెల కోడ్‌ను సెర్చ్‌లో టైప్ చేసినా సరిపోతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. నాణ్యత గురించి మాత్రం నిజం చెప్పుకోవాలి. కొన్ని వీడియోలు చాలా బాగుంటాయి, కొన్నింటిలో టీచరు పుస్తకం చదువుతూ పోవడం తప్ప ఏమీ ఉండదు. క్లాసులో చూపించడానికని కాకుండా ముందు మీరు నేర్చుకోవడానికి చూడండి. భిన్నాలు, కోణాలు, ఆహారపు గొలుసు లాంటివి మనం ఎప్పుడో చదివి మర్చిపోయి ఉంటాం.

ఇప్పుడు ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. మూడో తరగతి, రెండంకెల తీసివేత. నెట్‌లో కొడితే కుప్పలుగా ప్లాన్లు వస్తాయి. చాలావాటిలో లక్ష్యం 'తీసివేత భావనను అవగాహన చేసుకుంటాడు', పద్ధతి 'ఉపాధ్యాయుడు నల్లబల్లపై వివరిస్తాడు', మూల్యాంకనం ఐదు లెక్కలు. అవి రాసినవాళ్లలో ఎక్కువమంది 52లోంచి 27 తీసేయమంటే పిల్లలు ఏం రాస్తారో గమనించినట్టు లేదు. క్లాసులో చాలామంది 35 అని రాస్తారు. ఎందుకంటే ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు, అందుకని తిప్పేసి 7లోంచి 2 తీసేస్తారు, 5 వస్తుంది. పదుల్లో 5లోంచి 2 పోతే 3. వాళ్ల దృష్టిలో తీసివేత అంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీయడం, కింద తరగతుల్లో మనం చేయించినవన్నీ అలాంటి లెక్కలే మరి. ఆ పిల్లలు తెలివి తక్కువవాళ్లు కారు, అజాగ్రత్తగానూ లేరు. ఒక నియమాన్ని చక్కగా పాటిస్తున్నారు, ఆ నియమం ఇక్కడ పనిచేయదు అంతే.

మీ ప్లాన్ ఆ 35 దగ్గర మొదలవ్వాలి. చీపురు పుల్లలు పదేసి కలిపి రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ఒక పిల్లవాడి చేతిలో పెట్టండి. 'నాకు ఏడు విడి పుల్లలు ఇవ్వు' అనండి. వాడు రెండు ఇచ్చి ఆగిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు కాసేపు చూసి 'ఒక కట్ట విప్పరా' అంటారు. ఆ మాట వాళ్ల నోట వచ్చేదాకా మీరు మాట్లాడకూడదు. కొత్త టీచర్లకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే, నిశ్శబ్దం రెండు క్షణాలు దాటితే టెన్షన్ వచ్చి జవాబు మనమే చెప్పేస్తాం. కట్ట విప్పాక విడివి పన్నెండు, కట్టలు నాలుగు. ఏడు పుల్లలు, రెండు కట్టలు ఇచ్చేస్తే వాడి దగ్గర మిగిలింది రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఇప్పుడు బోర్డు మీద 5 కొట్టేసి 4 రాస్తే, 2ని 12 చేస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు తెలుసు. పక్కనే ముందు రాసిన 35ను ఉంచి, ఇది ఎందుకు కుదరదో వాళ్లనే చెప్పమనండి. ఎవరు రాశారన్నది మాత్రం బయటపెట్టకండి.

మూల్యాంకనానికి ఇచ్చే లెక్కలను కూడా చూసుకుని ఎంచుకోవాలి. 63–21 లాంటిది ఒకటి తప్పకుండా కలపండి, లేకపోతే అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి లెక్కలో కట్ట విప్పేస్తారు. 40–16 ఒకటి ఇవ్వండి, సున్నా దగ్గర ఇంకొందరు తిరగబడి 36 రాస్తారు. 61–38కి 23 వచ్చిందా 37 వచ్చిందా చూస్తే ఎవరింకా పాత నియమంలోనే ఉన్నారో పేర్లతో సహా తెలుస్తుంది. రేపటి ప్లాన్‌లో మొదటి పది నిమిషాలు ఆ పేర్ల కోసం.

ఈ మొత్తంలో నెట్ అవసరం ఎక్కడ పడిందో గమనించారా? పుల్లలకు పడలేదు. పిల్లలు ఏ తప్పు చేస్తారన్నది ముందే తెలుసుకోవడానికి పడుతుంది. మీరింకా క్లాసు చూడలేదు కాబట్టి ఆ అనుభవాన్ని బయటి నుంచి తెచ్చుకోవాలి. అందుకే 'లెసన్ ప్లాన్' అని కాకుండా, ఆ పాఠంలో పిల్లలు సాధారణంగా చేసే తప్పులు ఏమిటని వెతకండి. ఇంగ్లిష్‌లో వెతికితే ఎక్కువ దొరుకుతుంది. గణితానికి ఇంతకంటే లాభసాటి వెతుకులాట నాకు తెలియదు.

భిన్నాల్లాంటి పాఠాలకు ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే కదిలించి చూసే బొమ్మలు, బాగుంటాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్‌ను ఫైలుగా దించుకుని నెట్ లేకుండా ఫోన్లో నడపొచ్చు. ప్రొజెక్టర్ లేని గదిలో మీ ఒక్క ఫోన్‌ను ముప్పై మందికి చూపించే ప్రయత్నం మాత్రం వద్దు, వెనకవాళ్లు గోల చేస్తారు, ముందువాళ్లు ఫోన్ లాక్కుంటారు. అందులో ఏ వరసలో చూపిస్తున్నారో చూసి, అదే వరసను కాగితం మడతలతో చేయించండి.

చదవడం విషయానికి వస్తే స్టోరీవీవర్‌ను మించింది లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన వేదిక. తెలుగు కథలు బోలెడు, బొమ్మలతో సహా. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి దించుకోవచ్చు, జిరాక్స్ తీయించుకోవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి మార్చుకోవచ్చు కూడా. కథలు చదివే స్థాయిని బట్టి వేరుచేసి ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే. మీరు నాలుగో తరగతికి వెళ్లి, అక్కడ వాచకం చదవలేని పిల్లలు కొందరు కనిపిస్తే (కనిపిస్తారు) వాళ్లకు ఇవి ఇవ్వండి. నాలుగో తరగతి పిల్లవాడి చేతికి ఒకటో తరగతి వాచకం ఇస్తే వాడికి అవమానం, అదే ఒక బొమ్మల కథ ఇస్తే చదువుతాడు. తెలుగులోకి వచ్చిన కథల్లో కొన్ని వాక్యాలు బిగుసుకుపోయినట్టు ఉంటాయి. ఇచ్చే ముందు మీరొకసారి పైకి చదివి చూసుకోండి. నోరు తిరగని వాక్యాన్ని మీరు మార్చి రాసి జిరాక్స్ తీయించండి, అందుకు ఆ లైసెన్సు ఒప్పుకుంటుంది.

అలాంటి కథతో పీరియడ్ ప్లాన్ రాసేటప్పుడు 'ఈ కథలో ఎవరెవరు ఉన్నారు' అన్న ప్రశ్న ఒక్కటి చాలు, అలాంటివే పది వద్దు. మధ్యలో ఏ పేజీ దగ్గర ఆపి 'తర్వాత ఏమవుతుంది' అని అడుగుతారో ఆ పేజీ నంబరు ప్లాన్‌లో రాసుకోండి. మెంటర్ చూసేది కూడా అదే, టీచరు ఎక్కడ ఆగాలో ముందే ఆలోచించిందా లేదా అని.

పరిసరాల విజ్ఞానానికి నెట్ మీద అతిగా ఆధారపడితే నష్టమే ఎక్కువ. 'నీటి వనరులు' అని వెతికితే హిమానీనదాలు, జలపాతాలు, సముద్రం వస్తాయి. మీ పిల్లల ఊళ్లో ఉన్నవి చెరువు, బోరు, మిషన్ భగీరథ నల్లా, మూల మీద వాటర్ ప్లాంటు, దాని దగ్గర వరసలో పెట్టిన ఇరవై లీటర్ల క్యాన్లు. పాఠం అక్కడి నుంచి ఎత్తుకోవాలి. ఇక్కడ ఉపయోగపడే ఆన్‌లైన్ పనిముట్టు ఏదైనా ఉందంటే అది ఉపగ్రహ చిత్రం. గూగుల్ మ్యాప్స్‌లోగానీ ఇస్రో వారి భువన్‌లోగానీ మీ బడి ఉన్న ఊరిని తెరిచి, చెరువు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఒక ఏ4 కాగితం మీద ప్రింట్ తీయించండి. బడి కప్పు ఎక్కడుందో వెతకమనండి. చెరువు కట్ట, తూము, దాని కింది పొలాలు పిల్లలే చూపిస్తారు. ఎవరి ఇల్లు ఏదో కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వండి. దిక్కులు, పటం పాఠానికి కూడా అదే కాగితం పనికొస్తుంది. నాకు తెలిసి ఏ రెడీమేడ్ ప్లాన్‌లోనూ ఇది ఉండదు, ఎందుకంటే ఆ ప్లాన్‌కు మీ ఊరు తెలియదు.

సైన్సు ప్రయోగాలకు, చెత్తతో బొమ్మలకు అరవింద్ గుప్తా సైటు చూడండి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పిల్లల కోసం బొమ్మలు చేయడమే జీవితంగా పెట్టుకున్న మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు, ఖాళీ రీఫిల్, పాత పేపరు, ఇలాంటి వాటితో చేసేవన్నీ చిన్న చిన్న వీడియోలుగా ఉంటాయి. ఎంచుకున్నదాన్ని ముందురోజు రాత్రి ఇంట్లో మీ చేత్తో చేసి చూడకుండా క్లాసుకు తీసుకెళ్లకండి.

ఇంగ్లిష్‌కి బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల టీచింగ్ ఇంగ్లిష్ సైటులో ప్రైమరీ పిల్లల కోసం ప్లాన్లు ఉచితంగా ఉన్నాయి. చాలావరకు పిల్లలకు కాస్త ఇంగ్లిష్ వచ్చు అన్న లెక్కతో రాసినవి. అందుకని పాటలు, చెప్పింది చేసి చూపించే ఆటలు మాత్రం తీసుకోండి.

మీలాంటి వాళ్లకు నేను గట్టిగా సిఫారసు చేసేది టెస్ ఇండియా. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ, మన దేశంలోని నిపుణులతో కలిసి తయారుచేయించిన సామగ్రి, భారతీయ తరగతి గదుల కోసమే రాసింది. తెలుగులో లేదు, ఇంగ్లిష్‌లో చదవాలి, అయినా ఇంగ్లిష్ సులువుగానే ఉంటుంది. భాష, గణితం, సైన్సు, ఇంగ్లిష్‌లకు విడివిడిగా యూనిట్లున్నాయి. ఒక్కో యూనిట్‌లో ఒక టీచరు తన క్లాసులో ఏం చేసిందో కథలా చెప్పి, మీ క్లాసులో మీరు చేయాల్సిన పని ఇస్తారు. వీటి కంటే కీలక వనరుల పేరుతో ఉన్న చిన్న పత్రాలు ఇంకా ముఖ్యం. పాఠం ప్రణాళిక వేసుకోవడం, జతల్లో పని, ప్రశ్నలు అడగడం, స్థానిక వనరులు వాడటం, పిల్లలందరినీ కలుపుకోవడం, ఒక్కోదానికి కొన్ని పేజీలు. ఇంటర్న్‌షిప్‌కి ముందు ప్రశ్నలు అడగడం గురించిన పత్రం ఒక్కటి చదివినా మీ ప్లాన్ల తీరు మారుతుంది. మన క్లాసులను పోలిన క్లాసుల్లో తీసిన వీడియోలు కూడా ఉన్నాయి. బహుభాషా తరగతి గురించి ఒక యూనిట్ ఉంది. మీకు ఏజెన్సీలో బడి పడి, పిల్లలు ఇంట్లో కోయ, గోండి, కొలామి, లంబాడీ మాట్లాడేవాళ్లయితే అది తప్పక చదవండి. అక్కడ తెలుగు కూడా పిల్లలకు కొత్త భాషే, మన ప్లాన్లన్నీ ఆ మాట మర్చిపోయి రాసినవే.

యూట్యూబ్‌లో తెలంగాణ ప్రభుత్వ టీశాట్ విద్య ఛానెల్ పాఠాలు విషయం గుర్తుచేసుకోవడానికి పనికొస్తాయి. 'మోడల్ లెసన్ ప్లాన్' పేరుతో ఉండే ప్రైవేటు ఛానెళ్ల మీద సమయం పెట్టకండి. పావుగంట వీడియోలో పన్నెండు నిమిషాలు లైక్, సబ్‌స్క్రైబ్, గడులు గీయడం, మిగిలింది అదే పాత ప్లాన్.

చాట్‌జీపీటీ, జెమిని సంగతి. తప్పా అని అడిగారు. మీ కాలేజీ వద్దంటే వద్దు, అందులో వాదించడానికేమీ లేదు. కాలేజీకి అభ్యంతరం లేకపోతే వాడండి, కానీ 'నాలుగో తరగతి తెలుగు పాఠానికి ప్లాన్ రాయి' అని అడిగితే వాట్సాప్ పీడీఎఫ్‌ల తమ్ముడే వస్తాడు. పైగా ఆ తెలుగు ఎవరూ మాట్లాడే తెలుగులా ఉండదు, మీ మెంటర్ మొదటి వాక్యంలోనే గుర్తుపడతారు. అడగాల్సింది వేరు. పాఠ్యపుస్తకం పేజీ ఇచ్చి, క్లాసులో ఎంతమంది, పీరియడ్ ఎంతసేపు, ఏ వస్తువులున్నాయి, పిల్లలకు ఇప్పటికే ఏం వచ్చు అన్నది చెప్పి, 'ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ పొరబడతారు, ఎలాంటి తప్పు జవాబులు ఇస్తారు' అని అడగండి. 'నేను వేసిన ఈ ప్రశ్నకు ఎనిమిదేళ్ల పిల్లవాడు ఎన్ని రకాలుగా జవాబు చెప్పొచ్చు' అని అడగండి. ఇక్కడ అది నిజంగా సాయం చేస్తుంది. వచ్చిన ప్రతి లెక్కనూ మీరు చేసి చూడాలి, వచ్చిన ప్రతి స్థానిక విషయాన్నీ బడిలో పెద్దవాళ్లను అడిగి సరిచూసుకోవాలి.

తెలుగు అక్షరాల దగ్గర దాన్ని అసలు నమ్మకండి. ఒకటో తరగతికి తలకట్టు తప్ప వేరే గుణింతం, ఒత్తులు లేని మాటలు కావాలనుకోండి: పలక, పడవ, వల, జడ, గడప, కలప. యంత్రాన్ని అడిగితే ఈ వరసలోనే మధ్యలో 'బడి', 'పాప', 'కాకి' పెట్టి ఇచ్చే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లకు ఇవన్నీ చిన్న మాటలే కదా అనిపిస్తుంది. పిల్లవాడికి 'బడి'లో ఉన్న గుడి (ఇకారపు గుర్తు) ఇంకా నేర్పలేదు, వాడు అక్కడ ఆగిపోతాడు, మీరు వాడికి చదవడం రావట్లేదనుకుంటారు. మీరే కూర్చుని రాసుకుంటే అరగంటలో నలభై మాటలు వస్తాయి. ఆ కాగితం దాచుకోండి, ఉద్యోగంలో చేరాక కూడా పనికొస్తుంది. ఇంకోటి, పిల్లల నోటుబుక్కుల ఫొటోలు, పేర్లు, ముఖాలు ఈ యాప్‌లలోకి ఎక్కించకండి. వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకండి, హెడ్మాస్టరు అడిగితే సమాధానం చెప్పుకోలేరు.

మల్టీగ్రేడ్ గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకపోతే మొదటి వారమే ఇబ్బంది పడతారు. చాలా ప్రాథమిక బడుల్లో రెండు మూడు తరగతులు ఒకే గదిలో ఉంటాయి. నెట్‌లో దొరికే ప్లాన్లు దాదాపు అన్నీ ఒక్క తరగతి కోసం రాసినవే. మీ ప్లాన్ పక్కన ఇంకో నిలువు గీత గీసి, మీరు మూడో తరగతితో మాట్లాడుతున్నప్పుడు నాలుగో తరగతి ఏం చేస్తూ ఉంటుందో రాయండి. అక్కడ 'చదువుకుంటారు' అని రాస్తే కుదరదు, చేతికి ఏదో ఒక పని ఉండాలి. స్టోరీవీవర్ జిరాక్సులు ఎక్కువగా ఉపయోగపడేది ఇక్కడే.

ఫోన్ ఒక్కటే ఉందన్నారు, అది పెద్ద అడ్డంకి కాదు. వైఫై దొరికినప్పుడు వారానికి సరిపడా దించుకోండి. దీక్షలో వీడియోలను యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. తరగతి, సబ్జెక్టు, పాఠం పేరుతో ఫోల్డర్లు పెట్టుకోండి, లేకపోతే అన్నీ డౌన్‌లోడ్స్‌లో పడి పొద్దున తొమ్మిదింటికి ఏది ఎక్కడుందో దొరకదు. జిరాక్సులకు రోజుకో చిన్న ఖర్చు అవుతుంది. పిల్లలు పట్టుకుని చదివే కాగితాలకే ఆ ఖర్చు పెట్టండి, మీరు చూసుకునేవి ఫోన్‌లో చాలు. పాఠం తయారీ ఊరికే చేసే అదనపు పని అనుకునేవాళ్లు ఉంటారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో టీచరుకు వారానికి 45 గంటల పని అని ఉంది, పాఠం తయారీ సమయాన్ని ఆ గంటల్లోనే లెక్కగట్టారు. స్టాఫ్ రూములో ఎవరైనా 'ఇంకా ప్లాన్ రాస్తున్నావా' అని నవ్వితే ఆ మాట గుర్తుపెట్టుకోండి, పైకి అనక్కర్లేదు.

మీకు ఏ తరగతి కేటాయించారో, మొదటి వారంలో ఏ పాఠాలు పడ్డాయో తెలిశాక పాఠం పేరు, మీడియం రాయండి. అందులో పిల్లలు ఎక్కడ పొరబడతారో నేను చూసింది చెప్తాను, దానికి పైన చెప్పినవాటిలో ఏది పనికొస్తుందో కూడా వెతికి పెడతాను.